సెల్ఫ్ డ్రైవింగ్ బండి పోటీ: చేత్తో తోస్తే దిక్కు సరిగ్గా చూపిస్తుంది, పరిగెత్తిస్తే దారి తప్పుతోంది

#1 చిన్నచక్రం
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదివి పోవడమే గానీ రాసింది లేదు. పోటీ ఐదు వారాల్లో ఉంది, బండి మాట వినట్లేదు, ఇక మొహమాటం మానేశాను.

బండి వివరాలు. 1/10 సైజు ఆర్‌సీ కారు ఛాసిస్, బ్రష్డ్ మోటారు, స్టీరింగ్ తిప్పడానికి సర్వో మోటారు, 2ఎస్ లైపో బ్యాటరీ. బుర్ర ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు. సెకనుకు 5 సార్లు స్థానం చెప్పే జీపీఎస్, ఛాసిస్ మధ్యలో కంపాస్ చిప్, బండి ఎంత తిరిగిందో చెప్పే ఎంపీయూ-6050 గైరో. వెనక చక్రంలో 4 చిన్న అయస్కాంతాలు అతికించి, అవి దాటినప్పుడల్లా టిక్ ఇచ్చే హాల్ సెన్సర్ పెట్టాను, ఒక్కో టిక్‌కి 5 సెం.మీ. లెక్క. ముందు బంపర్ మీద అడ్డంకులు చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి.

మైదానం 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. నాలుగు మూలల్లో నారింజ కోన్లు ఉంటాయి, వాటి బయటి నుంచి చుట్టి మొదలుపెట్టిన చోటికి రావాలి. స్టార్ట్ నొక్కాక రిమోట్ ముట్టుకోకూడదు, అత్యవసరంగా ఆపడానికి తప్ప. మనిషికి మూడు ప్రయత్నాలు.

ఇక గోల ఏంటంటే, పొడుగు వైపుల్లో బండి తిన్నగా పోదు. విల్లులా వంగి, మధ్యలో 4 మీటర్లు పక్కకు జరిగి, చివర్లో మళ్లీ కోన్ దగ్గరికి చేరుతుంది. పొట్టి వైపుల్లో మాత్రం గీత గీసినట్టు పోతుంది! అదే బండిని మోటారు ఆపి చేత్తో తోసుకుంటూ పోతే కంపాస్‌లో 2 డిగ్రీలు కూడా తేడా రాదు. స్టీరింగ్ సరిదిద్దే లెక్కలోని పీఐడీ నంబర్లు మార్చి మార్చి వేళ్లు అరిగాయి.

#2 లైడార్ రాజు
తమ్ముడూ, ఇంకా మెగాతో కుస్తీ ఏంటి? జెట్సన్ నానో కంప్యూటర్ పెట్టు, పైన తిరుగుతూ లేజర్ కాంతితో చుట్టూ దూరాలు కొలిచే లైడార్ పెట్టు, ఆర్‌టీకే జీపీఎస్ పెట్టు. సెంటీమీటర్లలో స్థానం వస్తుంది, నిద్రపోతూ గెలుస్తావు.

#3 పాతబ్యాటరీ
రాజు గారు ఏ థ్రెడ్‌లోనైనా ఇదే మందు రాస్తారు. తలనొప్పికి తల మార్పించుకోమన్నట్టు ఉంటుంది.

ఖాళీ మైదానంలో నాలుగు కోన్ల మధ్య లైడార్‌కి కనపడేదేముంది? ఆర్‌టీకే నువ్వు ఎక్కడున్నావో చెబుతుంది, నీ ముక్కు ఎటుందో చెప్పదు. ఇక్కడ రోగం ముక్కుదేమోనని నా అనుమానం.

డబ్బు కుమ్మరిస్తే బండి నడవదని 2004లోనే తేలింది. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని బండ్లకు పెట్టిన గ్రాండ్ ఛాలెంజ్ పోటీ, మొహావీ ఎడారి, సుమారు 150 మైళ్ల దారి. అందరికంటే ఎక్కువ దూరం పోయిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వారి శాండ్‌స్టార్మ్ 7.4 మైళ్ల దగ్గర ఇరుక్కుపోయింది. ఒక్కటీ గమ్యం చేరలేదు. మరుసటి ఏడాది అయిదు బండ్లు చేరాయి, స్టాన్‌ఫర్డ్ వారి స్టాన్లీ 132 మైళ్లను 7 గంటల లోపే ముగించింది.

చిన్నచక్రం, లాగ్ (పరుగులో సెన్సర్ల అంకెల రికార్డు) పెట్టు. లాగ్ లేకుండా ఎవరం ఏం చెప్పినా సోదే.

#4 సోల్డర్‌పొగ
స్టీరింగ్ ట్రిమ్ చూశావా? సర్వోకి 1500 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే చక్రాలు నిజంగా నిటారుగా ఉంటున్నాయా? 20 మైక్రోసెకన్లు తేడా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది.

ఇంకోటి, థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇవ్వగానే 5 వోల్టుల లైన్ ఎంతకు పడుతోంది? సర్వో, మెగా ఒకే బీఈసీ (5 వోల్టులిచ్చే సర్క్యూట్) మీద ఉంటే సర్వో బిగుసుకున్న ప్రతిసారీ బోర్డు రీసెట్ అయ్యే అవకాశం ఉంది. రీసెట్ అయితే గైరో సున్నా మళ్లీ లెక్కేసుకుంటుంది, అదీ బండి కదులుతూ ఉండగా. ఇక దిక్కు గోవిందా.

#5 చిన్నచక్రం
సర్వోకి వేరే రెగ్యులేటర్, దాని పక్కన 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయి అన్నా. రీసెట్ కావట్లేదు. ట్రిమ్ సరిచేశాను, ఫలితం అదే.

లాగ్ విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎస్‌డీ కార్డు పెట్టాను, కానీ రాయడం మొదలుపెడితే బండి ఉండుండి తూలుతోంది. అందుకే తీసేశాను.

#6 గ్రాఫ్ అక్క
తూలక ఏం చేస్తుంది? కార్డు లోపల తన సర్దుబాట్లు చేసుకుంటూ ఒక్కోసారి 100, 200 మిల్లీసెకన్లు నిన్ను నిలబెట్టేస్తుంది. అంతసేపూ నీ స్టీరింగ్ లూపు ఆగి ఉంటుంది. సెకనుకు 3 మీటర్ల వేగంలో 200 మిల్లీసెకన్లంటే 60 సెం.మీ. గుడ్డిగా పోయినట్టు.

మెగాలో 8 కిలోబైట్ల ర్యామ్ ఉందిగా. లాగ్‌ని అక్షరాల్లో కాకుండా బైనరీలో, పరుగు మొత్తం ర్యామ్‌లోనే దాచుకో. సెకనుకు 5 సార్లు, ఒక్కో రికార్డు 20 బైట్లు అనుకుంటే నిమిషానికి 6000 బైట్లు. బండి ఆగాక కార్డు మీదికి దింపు. ఇవి మాత్రం ఉండాలి: సమయం, అక్షాంశ రేఖాంశాలు, కంపాస్ దిక్కు, జీపీఎస్ చెప్పే ప్రయాణ దిశ, సర్వో పల్స్, థ్రాటిల్.

#7 చిన్నచక్రం
(మూడు రోజుల తర్వాత)
అక్కా, పనిచేసింది! నాలుగు పరుగుల లాగులు ఇక్కడ పెడుతున్నాను. గ్రాఫ్ గీసి చూశాను గానీ నాకు కనపడింది రెండు అరటికాయలు మాత్రమే.

#8 గ్రాఫ్ అక్క
ఆ అరటికాయల్లోనే ఉంది విషయమంతా.

పొడుగు వైపుల్లో, ఉత్తరం వైపు పోయేటప్పుడు బండి ఎడమకు ఉబ్బింది. దక్షిణం వైపు తిరిగొచ్చేటప్పుడు కుడికి ఉబ్బింది. మ్యాపు మీద పెట్టి చూస్తే రెండూ పడమటికే! ట్రిమ్ తేడా అయితే ఎటు పోయినా ఎడమకే లాగాలి, అంటే ఒకసారి పడమటికి, ఒకసారి తూర్పుకి ఉబ్బాలి. కాబట్టి చక్రాలను, సర్వోను వదిలెయ్యండి.

కంపాస్ దిక్కుకీ జీపీఎస్ ప్రయాణ దిశకీ తేడా తీసి, థ్రాటిల్‌తో కలిపి గీశాను. థ్రాటిల్ లేనప్పుడు తేడా దాదాపు లేదు. థ్రాటిల్ పెరిగితే తేడా పెరుగుతోంది. తూర్పు పడమరగా ఉన్న పొట్టి వైపుల్లో మాత్రం ఎంత థ్రాటిల్ ఇచ్చినా తేడా రాదు. కంపాస్‌కి బండి పక్క నుంచి ఎవరో ఒక చిన్న అయస్కాంతం పట్టుకున్నట్టుంది, అదీ థ్రాటిల్ నొక్కినప్పుడు మాత్రమే.

#9 పాతబ్యాటరీ
అక్క చెప్పాక ఇక మాట్లాడేదేముంది. చక్రాలు గాల్లో లేపి, ముక్కు ఉత్తరానికి పెట్టి, థ్రాటిల్ ఇచ్చి కంపాస్ అంకె చూడు తమ్ముడూ.

#10 చిన్నచక్రం
ఇప్పుడే చూశాను. బండిని పుస్తకాల దొంతర మీద పెట్టి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చాను. మారింది 5 డిగ్రీలే. 5 డిగ్రీలకి 4 మీటర్ల ఉబ్బు రాదుగా. కంపాస్ నిర్దోషి అనుకుంటా :(

#11 లైడార్ రాజు
నేను ముందే చెప్పాను.

#12 సోల్డర్‌పొగ
ఆగండాగండి. తీర్పు అప్పుడే వద్దు.

గాల్లో తిరిగే మోటారు ఏం కరెంటు లాగుతుంది? ఆంపియరో, ఒకటిన్నరో. నేల మీద, గడ్డిలో, బండి బరువుతో కదిలేటప్పుడు దాని సంగతే వేరు. అయస్కాంత క్షేత్రం కరెంటును బట్టి వస్తుంది గానీ చక్రం ఎంత జోరుగా తిరుగుతోందన్న దాన్ని బట్టి రాదు.

ఒక లెక్క చూడండి. ఒంటరి తీగలో 10 ఆంపియర్లు పోతుంటే 5 సెం.మీ. దూరంలో క్షేత్రం 40 మైక్రోటెస్లాలు. భూమి మొత్తం క్షేత్రమే చోటును బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. అంటే కంపాస్ పక్కన తీగ రూపంలో ఇంకో భూగోళాన్ని పెట్టుకున్నట్టే.

బండికి వెనక నుంచి తాడు కట్టి, కదలని దేనికైనా బిగించు. చక్రాలు నేల మీదే ఉండాలి. ఇప్పుడు థ్రాటిల్ మెల్లగా పెంచు. మూడు సెకన్లు మించకు, మోటారు కాలుతుంది. కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ దొరికితే బ్యాటరీ తీగకు తగిలించు. ఆ తీగలు ఎటునుంచి ఎటు పోతున్నాయో కూడా కాస్త చెప్పు.

#13 చిన్నచక్రం
9 ఆంపియర్ల దగ్గర 36 డిగ్రీలు!!!

తాడు బిగిసిన క్షణంలో, బండి వేలెడంత కూడా కదలకుండానే, తెర మీద అంకె 2 నుంచి 38కి ఎగబాకింది. థ్రాటిల్ వదలగానే మళ్లీ 2. నాలుగుసార్లు చేశాను, నమ్మలేక.

ఇక తీగలు... అన్నా, తిట్టకండి. అందంగా ఉండాలని ఎర్ర తీగను ఛాసిస్ మధ్యగా, నల్ల తీగను అంచు వెంబడి వేశాను. ఎర్ర తీగకు సరిగ్గా 5 సెం.మీ. పైన కంపాస్ ఉంది.

#14 సోల్డర్‌పొగ
తిట్టను, అందరం ఇలాగే నేర్చుకున్నాం. రెండు తీగలూ జంటగా ఉంటే వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాని క్షేత్రాన్ని ఒకటి చంపుకుంటాయి. నువ్వు వాటికి విడాకులిప్పించావు. రెండింటినీ జడలా మెలిపెట్టు. మోటారు తీగలు కూడా. కంపాస్‌ని ఒక ప్లాస్టిక్ గొట్టం మీద 25 సెం.మీ. పైకి ఎత్తు. స్క్రూలు ఇత్తడివో నైలాన్‌వో వాడు, ఇనుపవి వద్దు. అన్నీ బిగించాకే మళ్లీ కాలిబ్రేట్ చెయ్యి. విడిగా చేతిలో పట్టుకుని చేసిన కాలిబ్రేషన్ బండెక్కాక చెల్లదు.

#15 పాతబ్యాటరీ
ఇంతకంటే పెద్దవాళ్లకే ఇలాంటిది పన్నెండేళ్లు దొరకలేదు తమ్ముడూ. 2005 ఛాలెంజ్‌లో కార్నెగీ మెలన్ వారిదే హైలాండర్ అనే బండి ముందంజలో ఉండి, దారిలో ఇంజను నీరసపడి మూడో స్థానానికి జారింది. ఎందుకో అప్పుడెవరికీ తెలియలేదు. 2017లో యాదృచ్ఛికంగా బయటపడింది: ఇంజను కంట్రోల్ మాడ్యూల్‌కీ ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకీ మధ్య ఉన్న ఒక ఎలక్ట్రానిక్ ఫిల్టర్ దెబ్బతిని ఉంది. ఒత్తితే ఇంజను ఆగిపోతోంది. నీది మూడు రోజుల లాగు, ఒక తాడుతో తేలింది. సంతోషించు.

#16 లైడార్ రాజు
సరే, లైడార్ మాట ఎత్తను. కానీ కంపాస్‌నే పీకేస్తే పోలేదా? గైరోతో దిక్కు లెక్కేసుకో, వేగం సెకనుకు మీటరు దాటాక జీపీఎస్ ప్రయాణ దిశతో మెల్లగా సరిదిద్దుకో. చాలామంది అలాగే గెలిచారు.

#17 మూడోమలుపు
ఈసారి రాజు గారితో నేనూ ఏకీభవిస్తాను, రాసిపెట్టుకోండి. నా బండిలో కంపాస్ లేదు. గైరో ఒక్క నిమిషం పాటు చాలా నమ్మకస్తురాలు, నిమిషం పరుగుకి అంతే చాలు.

కానీ దానికీ ఒక పట్టింపు ఉంది. ఆన్ చేశాక రెండు మూడు సెకన్లు కదలకుండా కూర్చోబెట్టాలి, అప్పుడే తన సున్నా ఏదో తెలుసుకుంటుంది. పోయిన పోటీలో స్విచ్ వేసి, బండిని చేతుల్లో ఎత్తుకుని స్టార్ట్ గీత దగ్గరికి నడిచాను. నా చేతుల ఊపునే సున్నా అనుకుంది. పరుగు మొదలయ్యాక తిన్నగా పోతున్నాననుకుంటూ గుండ్రంగా తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు, అదే ప్రదర్శన అనుకుని.

ఇప్పుడు దానికి ఒక ఎర్ర బల్బు పెట్టాను. గైరో స్థిరపడేదాకా స్టార్ట్ బటన్ పనిచెయ్యదు.

#18 చిన్నచక్రం
(తొమ్మిది రోజుల తర్వాత)
తీగలు మెలిపెట్టాను, గొట్టం ఎత్తాను. తాడు పరీక్షలో తేడా ఇప్పుడు 1 డిగ్రీ. అరటికాయలు పోయాయి, గీతలు వచ్చాయి. రాజు అన్న చెప్పినట్టు గైరో, జీపీఎస్ దిశ కూడా కలిపాను. కంపాస్‌ని స్టార్ట్‌లో మొదటి దిక్కు కోసం మాత్రం వాడుతున్నా.

కానీ కొత్త గోల. రెండో మూల దగ్గర బండి ప్రదక్షిణాలు చేస్తోంది. కోన్ చుట్టూ ఆరుసార్లు తిరిగింది, నేనే రిమోట్‌తో ఆపాను.

#19 మూడోమలుపు
గమ్యం చేరినట్టు ఎప్పుడు లెక్క? ఎంత దగ్గరికి రావాలని పెట్టావు?

#20 చిన్నచక్రం
అర మీటరు.

#21 మూడోమలుపు
అదిగో. జీపీఎస్ మాడ్యూల్ స్థానమే బయట 2, 3 మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. నీ బండి అర మీటరు సూదిబెజ్జంలో దూరాలంటే ఎలా? పైగా బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 26 సెం.మీ. ఉండి, ముందు చక్రాలు 25 డిగ్రీలే తిరిగితే అది కొట్టగల అతి చిన్న మలుపు వ్యాసార్థమే 56 సెం.మీ. అందులో దూరలేక చుట్టూ తిరుగుతుంది పాపం.

పరిధిని 2 మీటర్లు చెయ్యి. అది కూడా కాదు, మూల దగ్గర దారికి అడ్డంగా ఒక ఊహా గీత గీసుకో. బండి ఆ గీత దాటిందా, తరువాతి మూలకు తిరుగు. దగ్గరగా దాటిందా దూరంగా దాటిందా అని అడక్కు. ప్రదక్షిణాలు జన్మలో చెయ్యదు.

#22 గ్రాఫ్ అక్క
ఆ ప్రదక్షిణాల లాగు చూశాను. రేఖాంశం మెట్లుమెట్లుగా మారుతోంది. నువ్వు దాన్ని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే చిన్న రకంలో) దాస్తున్నావు కదూ? మెగాలో పెద్ద రకం అనుకుని డబుల్ అని రాసినా అది ఫ్లోటే, 4 బైట్లే. డిగ్రీల అంకె 64 దాటితే ఒక్కో మెట్టు భూమధ్యరేఖ దగ్గర 85 సెం.మీ. అంటే నీ అర మీటరు పరిధి మెట్ల మధ్యలో మాయమైపోవచ్చు, బండికి అది ఎప్పటికీ కనపడదు!

డిగ్రీలను కోటితో హెచ్చవేసి 32 బిట్ల పూర్ణాంకంగా దాచుకో. మెట్టు ఒక సెంటీమీటరుకి దిగుతుంది. తేడాలు తీశాకే మీటర్లలోకి మార్చు. రేఖాంశం తేడాను అక్షాంశం కొసైన్‌తో గుణించడం మరవకు, ఇక్కడ నెలకొకరైనా మరిచిపోతారు.

#23 సోల్డర్‌పొగ
దిక్కు తేడా తీసేచోట కూడా ఒకసారి చూసుకో. గమ్యం 1 డిగ్రీ, ముక్కు 359 డిగ్రీలు అయితే తేడా 2 రావాలి. మైనస్ 358 వస్తే బండి అటునుంచి భూప్రదక్షిణ చేసి వస్తుంది.

#24 చిన్నచక్రం
ఆ ఒక్కటి మాత్రం ముందే రాసుకున్నాను అన్నా! మిగతావన్నీ ఈ రాత్రికి.

#25 చిన్నచక్రం
(పోటీ మర్నాడు)
ఇల్లు చేరాను. వరసగా చెబుతాను.

మొదటి ప్రయత్నం: స్టార్ట్ నొక్కాను, మూడు మీటర్లు పోయి ఆగింది. వెనక్కి వచ్చింది, ముందుకు పోయింది, మళ్లీ ఆగింది. ఎదురుగా ఈగ కూడా లేదు. నేను సాధన చేసింది గట్టి నేల మీద, ఇక్కడేమో గడ్డి ఏపుగా ఉంది. బంపర్ మీది అల్ట్రాసోనిక్ ప్రతి గడ్డి గుబురునూ గోడ అనుకుంటోంది. దాని చూపు ఒక సన్నగీత కాదని, 15 డిగ్రీల గరాటు అని చదివాను గానీ, ఆ గరాటు అంచు నేలకు తగులుతుందని తట్టలేదు.

రెండో ప్రయత్నానికి ఇరవై నిమిషాలు ఇచ్చారు. అల్ట్రాసోనిక్ తీగ పీకేశాను, అంతే. నాలుగు మూలలూ తిరిగి వచ్చేసింది. 41 సెకన్లు. గీత దాటి ఆగినప్పుడు నా కాళ్లు వణుకుతున్నాయి, బండివి కాదు.

మూడో ప్రయత్నంలో ఆశ పుట్టింది. వేగం సెకనుకు 3 మీటర్ల నుంచి 6కి పెంచాను. రెండు మూలలు బాగానే దాటింది. ఆ తర్వాత మూడో మలుపు గారి పేరు నిలబెట్టింది: తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా కంచెలోకి. స్టీరింగ్ నకిల్ (ముందు చక్రాన్ని పట్టి తిప్పే ముక్క) విరిగింది. మొత్తం మీద 41 సెకన్లే లెక్కలోకి వచ్చాయి, పదకొండు బండ్లలో నాలుగో స్థానం.

#26 మూడోమలుపు
మా వంశంలో చేరినందుకు స్వాగతం.

#27 పాతబ్యాటరీ
మొదటిసారికే నాలుగోదా! నా మొదటి బండి స్టార్ట్ గీత దాటిందే లేదు. మూడో పరుగు లాగు ఏదీ?

#28 గ్రాఫ్ అక్క
నాకు ముందే పంపాడు, చూశాను. దిక్కు బాగుంది, స్థానం బాగుంది. సర్వో పూర్తిగా తిరిగింది కూడా. బండే తిరగలేదు.

ఆ గడ్డి మీద టైర్ల పట్టు గురుత్వాకర్షణలో 0.6 వంతు అనుకుందాం. సెకనుకు 3 మీటర్ల వేగంలో మీటరున్నర వ్యాసార్థంతో తిరగొచ్చు. వేగం రెట్టింపైతే వ్యాసార్థం నాలుగింతలు, అంటే 6 మీటర్లు. మూల నుంచి కంచె ఎంత దూరమో నువ్వే చెప్పు. మొదటి రెండు మూలల్లోనూ 5 మీటర్లు బయటికి జారి వచ్చింది, అక్కడ ఖాళీ ఉంది కాబట్టి సరిపోయింది.

#29 చిన్నచక్రం
కంచె 4 మీటర్లు.

అంటే మలుపుకు ముందు వేగం తగ్గించాలి. అక్కా, ఆ ఫంక్షన్ రెండు వారాల కిందటే రాశాను. ఇప్పుడు కోడ్ తెరిచి చూస్తే ఎక్కడా పిలవలేదు.